లైట్ కాఫీకి వ్యతిరేకం హెవీ కాఫీ కాదు: పిల్లలకు ఇంగ్లిష్ మాటలు నేర్పే పద్ధతి

‘లైట్’కి వ్యతిరేక పదం చెప్పమంటే పిల్లలు ఠక్కున ‘హెవీ’ అంటారు, లేదంటే ‘డార్క్’ అంటారు. రెండూ ఒప్పే, రెండూ తప్పే. బ్యాగు లైట్‌గా ఉంటే దానికి ఎదురు హెవీ. చొక్కా రంగు లైట్ అయితే ఎదురు డార్క్. బెంగళూరు దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) లైట్ కాఫీ వద్దనుకున్నవాళ్లు అడిగేది స్ట్రాంగ్ కాఫీ. హెవీ కాఫీ అని అడిగితే కౌంటర్లో మనిషి మన మొహం చూస్తాడు. పక్కన ఏ మాట ఉందో చూడందే వ్యతిరేకం చెప్పలేం. ‘బిగ్, లార్జ్, హ్యూజ్’ అని జాబితా అప్పజెప్పే పిల్ల వ్యాసంలో ‘లార్జ్ మిస్టేక్’ అని రాసేది ఇందుకే. మిస్టేక్ పక్కన బిగ్ ఇముడుతుంది, లార్జ్ ఇమడదు. అందుకని నోట్సులోకి ఏ మాటనూ ఒంటరిగా ఎక్కించకండి, తోడు మాటతో కలిపే రాయించండి.

ఈ పద్ధతి ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు సరిపోతుంది. కావలసినవి కొంచెం మందంగా ఉండే కాగితం, మూడు ఖాళీ స్వీటు డబ్బాలు, ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే భాష నేర్చుకునేవాళ్లకోసం రాసినది. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి కత్తిరిస్తే మాటలు రాసుకోవడానికి ఎనిమిది కార్డులొస్తాయి.

డిక్షనరీ దగ్గర మాత్రం తొందరపడొద్దు. పెద్దవాళ్లకోసం రాసిన డిక్షనరీలో ఒక కష్టమైన మాటకు మరో రెండు కష్టమైన మాటలు అర్థంగా ఉంటాయి, పిల్లాడు పేజీలు తిప్పుతూనే ఉంటాడు. లెర్నర్స్ డిక్షనరీల పద్ధతి వేరు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ సుమారు 2000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెప్పే పద్ధతి పెట్టుకుంది. బెంగళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగళ్లలో కొన్నా ఫర్వాలేదు. కొనేముందు ‘ఎన్వీ’ (అసూయ) అనే మాట తీసి అర్థం మీ పిల్లాడి చేత చదివించండి. మళ్లీ ఇంకో మాట వెతకాల్సి వస్తే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి.

రోజుకు ఐదు కొత్త మాటలు, వారానికి నాలుగు రోజులు. శుక్రవారం కొత్తవి వద్దు, పాతవి తిరగేస్తే చాలు. ఇరవై తక్కువనిపించి ముప్పై చేశారంటే మూడో వారానికి పిల్లలు అర్థం వదిలేసి స్పెల్లింగే మోస్తుంటారు. మాటలు ఆ వారం పాఠంలోంచే తీయండి. పాఠం చదువుతూ ప్రతి కొత్త మాట దగ్గరా ‘తెలుసు’, ‘విన్నాను’, ‘తెలీదు’ అని గుర్తు పెట్టమనండి. ముందు పట్టాల్సింది ‘విన్నాను’ అన్నవాటిని. సగం తెలిసినవి కాబట్టి త్వరగా నిలుస్తాయి.

మన తెలుగులో ఎప్పుడో కలిసిపోయిన మాటలనూ వదలొద్దు, తెలుసుననే ధీమా ఎక్కువగా ముంచేది అక్కడే. ‘సార్ సీరియస్ అయ్యారు’ అంటే మనకు కోప్పడ్డారని. ఇంగ్లిష్‌లో సీరియస్‌కు ఆ అర్థం లేదు, కోపానికి యాంగ్రీ అనాలి. ‘ఫ్రీ’ కూడా చూడండి: సాయంత్రం ఫ్రీగా ఉన్నవాడికి ఎదురు బిజీ, ఫ్రీ టికెట్‌కి ఎదురు డబ్బు పెట్టి కొన్న టికెట్, పంజరంలోంచి ఫ్రీ అయిన చిలక్కి ఎదురు బందీగా ఉన్న చిలక. మూడు అర్థాలకు మూడు కార్డులు పెట్టాలి, ఒక్క కార్డులో కుక్కకూడదు.

ఇప్పుడు ‘రిలక్టెంట్’ అనే మాటకు కార్డు తయారుచేద్దాం. ముందువైపు ఇంగ్లిష్ లిపిలో ఆ మాట ఒక్కటే. వెనకవైపు మొదట అర్థం, పిల్లాడి సొంత మాటల్లో. రెండే షరతులు: అసలు మాట అర్థంలో రాకూడదు, ఒక్క మాటతో తేల్చేయకూడదు. డిక్షనరీ మూసేసి ‘చేయాలని లేదు, కానీ చేయక తప్పదేమో అని నసిగేవాడు’ లాంటిది తెలుగులో చెప్పించి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో రాయించండి. మూసిన పుస్తకమే ఇక్కడ గురువు, తెరిచి ఉంటే ఎత్తిరాతే మిగులుతుంది. అర్థం కింద దగ్గరి మాట అన్‌విల్లింగ్. దాని కింద ఎదురు మాట ఈగర్. చివర్లో పిల్లాడి ఇంటి వాక్యం ఒకటి: ‘ఐ యామ్ రిలక్టెంట్ టు గెట్ అప్ ఆన్ మండే.’ ఆ ‘టు’ కింద గీత గీయించండి. మాట తెలిసి, తర్వాత ‘టు’ రావాలని తెలియకపోతే పరీక్షలో మార్కు పోయేది అక్కడే.

పర్యాయపదాల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. నిజానికి ఇందులో ఉన్న మెలిక మన పిల్లలకు తెలుగులో ముందే తెలుసు. పెళ్లిచూపులకొచ్చిన అమ్మాయిని ‘నాజూగ్గా ఉంది’ అంటే మెచ్చుకోలు, ‘బక్కగా ఉంది’ అంటే వంక, ‘సన్నగా ఉంది’ అంటే ఉన్న మాట. స్లిమ్, స్కిన్నీ, థిన్ వరసగా అవే. ‘పట్టుదల’, ‘మొండితనం’ మధ్య తేడా తెలిసినవాడికి డిటర్మిన్డ్, స్టబర్న్ తేడా నిమిషంలో ఎక్కుతుంది. తర్వాత మార్చి చూసే పరీక్ష పెట్టండి. ఒకే వాక్యంలో ఒక మాట తీసి ఇంకోటి పెట్టి, ‘ఆ మాటంటే అమ్మ నవ్వుతుందా, చిన్నబుచ్చుకుంటుందా’ అని అడగండి. మాటలోని మెచ్చుకోలో, వంకో తక్షణం బయటపడుతుంది.

తీవ్రత తెలియడానికి బాల్కనీలో బట్టలారేసే తాడు చాలు. ఫ్రీజింగ్, కోల్డ్, కూల్, వార్మ్, హాట్, బాయిలింగ్ అని ఆరు కార్డులిచ్చి క్లిప్పులతో వరసగా తగిలించమనండి. ఒక్కడికే ఇస్తే పని త్వరగా అయిపోతుంది, ఇద్దరికిస్తే కూల్ ఎక్కడుండాలని గొడవపడతారు. పడనివ్వండి. హాట్‌కీ కోల్డ్‌కీ నడుమ మెట్లున్నాయని అప్పుడే తెలుస్తుంది. అలైవ్, డెడ్ మాటలకు తాడు పనికిరాదు, వాటి మధ్య మెట్టే లేదు.

బారో, లెండ్ జత వేరే తలనొప్పి. తెలుగులో అప్పు ఒకటే, ఇవ్వడం తీసుకోవడం క్రియలో తేలుతుంది. అందుకే మనవాళ్లు ‘బారో మీ ఎ పెన్’ అనేస్తుంటారు. నిజంగానే ఒక పెన్ను చేతులు మార్పిస్తూ, ఇచ్చేవాడు లెండ్ అని, పుచ్చుకునేవాడు బారో అని పైకి అనేలా చేయించండి. పది సార్లు చాలు.

ముందు అక్షరాలు చేర్చి వ్యతిరేకం చేసేవి తేలిక. ‘ఇన్’ అనేది ప, బ, మ ముందు ‘ఇమ్’ అవుతుంది: ఇంపాసిబుల్. ఎందుకంటే ఆ మూడూ పెదవులు కలిస్తేనే పలుకుతాయి. సంపదలో సున్నాను ‘మ్’ అనీ, సంతలో సున్నాను ‘న్’ అనీ మనం పలికేదీ అందుకే. ‘అన్’ మాత్రం రాతలో మారదు: అన్‌పాపులర్. ఇక్కడో గుంట ఉంది. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. మన ‘అమూల్యం’ అచ్చంగా అదే కదా, ఆ మాట చెబితే మళ్లీ మరచిపోరు. బళ్లో కన్నడ కూడా చదివే పిల్లలకు ఇంకో ఉదాహరణ ఉంది: మన ‘అవసరం’ కన్నడంలో ‘అవసర’ అయితే తొందర. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని నమ్మకూడదని వాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక డబ్బాలు. కొత్త కార్డు మొదటి డబ్బాలోకి వెళుతుంది, దాన్ని రోజూ తీస్తాం. సరిగ్గా చెబితే రెండో డబ్బా, అది మూడు రోజులకోసారి. అక్కడా చెబితే మూడోది, వారానికోసారి. తప్పితే ఎక్కడున్నా మళ్లీ మొదటికే. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పద్ధతికి ఇది చిన్న రూపం. రోజుకు పదిహేను నిమిషాలు మించనీయకండి.

ఆదివారం పరీక్షలో ‘ఫలానా మాటకు అర్థం రాయి’ అని అడగొద్దు. ‘ఐస్‌క్రీమ్ కొనివ్వడానికి మామయ్య పిలిస్తే నువ్వు రిలక్టెంట్‌గా వెళతావా? ఎందుకు?’ అని అడగండి. అవును, కాదు అన్నంత మాత్రాన సరిపోదు, కారణం చెప్పాలి. ఒకే కార్డు మూడుసార్లు మొదటి డబ్బాకు తిరిగొచ్చిందంటే తప్పు పిల్లాడిది కాకపోవచ్చు. దాని మీది వాక్యం వాడి బతుకులోంచి వచ్చింది కాదన్నమాట. ఆ కార్డు చించేసి, వాడితోనే కొత్త వాక్యం చెప్పించి మళ్లీ రాయించండి.