కాశీలో గంగా హారతి: ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు చేరాలి

కాశీకి వెళ్ళేవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, హారతి పడవలోంచి చూడాలా, మెట్ల మీద కూర్చుని చూడాలా అని. రెండు సాయంత్రాలుంటే రెండూ చూడండి. ఒక్కటే ఉంటే మాత్రం మెట్ల మీదే కూర్చోండి. పడవలోంచి అర్చకుల ముఖాలు కనిపిస్తాయి, నిజమే, వాళ్ళు గంగమ్మకి ఎదురుగా నిలబడతారు కాబట్టి, కానీ ఆ సాంబ్రాణి వాసనా, గంటల మోతా, చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొడుతూ పాడటమూ మెట్ల మీద ఉన్నంత దగ్గరగా పడవలో అందవు. పైగా ముందు పడవలో ఎవరో ఒకరు లేచి నిలబడితే అంతే సంగతులు.

దశాశ్వమేధ ఘాట్‌లో హారతి రోజూ సాయంత్రం ఉంటుంది, టికెట్ లేదు. ఎండాకాలంలో ఏడు గంటల ప్రాంతంలో, చలికాలంలో ఇంకాస్త ముందు మొదలై ముప్పావుగంట దాకా సాగుతుంది. ఆ రోజు టైం ఎంతో మీరు దిగిన సత్రంలోనే అడిగేయండి. గంట ముందు ఘాట్‌లో ఉండాలి, కార్తీకమాసంలో అయితే ఇంకా ముందే. సాయంత్రం వేళ బళ్ళు గోదౌలియా కూడలి దగ్గరే ఆగిపోతాయి, అక్కణ్ణుంచి జనంలో నడకే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కిందిదాకా దించకండి, అర్చకులు నిలబడేది ఎత్తు బల్లల మీద కాబట్టి పై మెట్ల నుంచైనా బాగానే కనిపిస్తుంది. ఇంకో సంగతి, అక్కడ రెండు సంస్థలు పక్కపక్కనే విడివిడిగా హారతి ఇస్తాయి, ఒకచోట కిక్కిరిసిపోతే తోసుకోకుండా పక్కకి జరగండి.

మొదలయ్యేది శంఖంతో. తర్వాత ధూపం, అంతస్తుల దీపం, పడగ విప్పిన నాగు ఆకారంలో ఉండే దీపం, కర్పూరం, నెమలిపింఛాల విసనకర్ర, వింజామర, ఒక్కొక్కటే పట్టుకుని నాలుగు దిక్కులకీ తిరుగుతారు. ధూపం వంతు వచ్చినప్పుడు గమనించండి, పొగ ఎంత దట్టంగా లేస్తుందంటే కాసేపు అర్చకుడి ముఖమే కనపడదు, గాలి మీవైపు తిరిగితే కళ్ళు మండుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ముందు వరసలో కూర్చోకపోవడమే మేలు. గంటలకి కట్టిన తాళ్ళు భక్తులే లాగుతుంటారు, మీ దగ్గరున్నవాళ్ళు తాడు అందిస్తే మొహమాటపడకుండా లాగండి. ఫోటోలు తీసుకోవచ్చు, కానీ ఫోన్ నెత్తిమీదకెత్తి వెనకవాళ్ళకి అడ్డం పెట్టొద్దు, ఇది పూజ. నాలుగు ఫోటోలు తీసి ఫోన్ లోపల పెట్టేయండి, చేతులు జోడించడానికి ఖాళీగా ఉండాలి కదా.

డబ్బుల విషయంలో టెన్షన్ పడక్కర్లేదు, ముందే మాట్లాడుకుంటే చాలు. అడక్కుండానే బొట్టు పెట్టి దక్షిణ అడిగేవాళ్ళుంటారు, ఇష్టం లేకపోతే దూరం నుంచే దణ్ణం పెట్టేయండి. సంకల్పం చెప్పిస్తామంటే గోత్రం చెప్పకముందే దక్షిణ ఎంతో తేల్చుకోండి. పడవకైతే మనిషికి ఎంతా, మొత్తం పడవకి ఎంతా, హారతి పూర్తయ్యేదాకా ఉంచుతారా అన్న మూడూ ఎక్కకముందే అడగాలి. ఆ పడవ శవదహనాలు జరిగే మణికర్ణిక ఘాట్ వైపు తిప్పితే కెమెరా బయటికి తీయకండి, అక్కడ ఎవరింట్లోనో మనిషి పోయాడు.

గంగలో దీపం వదలాలనుకుంటే ఆకు దొన్నెలోదే తీసుకోండి, ప్లాస్టిక్, థర్మోకోల్ వద్దే వద్దు. చివరి మెట్టు పాచి పట్టి జారుతుంది, ఒకళ్ళు చెయ్యి పట్టుకుంటే ఇంకొకళ్ళు వంగి వదలాలి, చీర కొంగు దోపుకోవాలి.

వానాకాలంలో గంగ పొంగితే ఈ మెట్లన్నీ మునిగిపోతాయి. అప్పుడు పడవలు ఆపేస్తారు, హారతి పక్కనున్న మేడ మీద ఇస్తారు. అది చూసి నిరాశపడేకన్నా ప్రయాణమే మార్చుకోగలిగితే మార్చుకోండి. డిసెంబరు, జనవరిల్లో శాలువా మర్చిపోవద్దు, నది ఒడ్డున చలి మనవైపు చలిలాంటిది కాదు.

అయిపోగానే అందరూ ఒకేసారి గోదౌలియా వైపు కదులుతారు. పిల్లలతో ఉంటే కదలకుండా ఓ ఇరవై నిమిషాలు అక్కడే కూర్చోండి, దారి దానంతటదే పల్చబడుతుంది. ఈ జనం మావల్ల కాదు అనుకునేవాళ్ళకి అస్సీ ఘాట్‌లో తెల్లవారుజామున కూడా హారతి ఉంది, సూర్యుడు లేవకముందే చేరాలి.