జీరోలాగాన్ లోపాన్ని డొమైన్ కంట్రోలర్లలో పూర్తిగా సరిచేయడం ఎలా

డొమైన్‌లోని (ఒకే నిర్వహణ కింద ఉండే సంస్థ నెట్‌వర్క్‌లోని) కంప్యూటర్లు తమ గుర్తింపును డొమైన్ కంట్రోలర్ (ఖాతాలను, పాస్‌వర్డ్‌లను నిర్వహించే సర్వర్) ఎదుట రుజువు చేసుకునేందుకు విండోస్ సర్వర్‌లో ఉన్న సేవ నెట్‌లాగాన్. అందులో బయటపడిన సీవీఈ-2020-1472 లోపానికి, దాన్ని కనిపెట్టిన సెక్యూరా సంస్థ జీరోలాగాన్ అని పేరు పెట్టింది. నెట్‌లాగాన్ వాడే ఏఈఎస్-సీఎఫ్‌బీ8 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ప్రతిసారీ మారవలసిన ప్రారంభ విలువను 16 సున్నా బైట్లుగా స్థిరపరచడమే ఈ లోపానికి మూలం. దాడి చేసే వ్యక్తి సున్నాలనే పదేపదే పంపితే సగటున 256 ప్రయత్నాలకు ఒకటి ఫలిస్తుంది. తప్పుడు ప్రయత్నాలు ఎన్ని జరిగినా కంప్యూటర్ ఖాతా లాక్ కాదు కనుక ఇదంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఆపైన కంట్రోలర్ ఖాతా పాస్‌వర్డ్‌ను ఖాళీగా మార్చి, డొమైన్ మొత్తాన్ని చేజిక్కించుకోవచ్చు. ఇందుకు యూజర్ పేరు గానీ పాస్‌వర్డ్ గానీ అక్కర్లేదు, ఆ నెట్‌వర్క్‌లోకి చేరగలిగితే చాలు. అందుకే దీని తీవ్రతను 10కి 10గా లెక్కించారు.

మైక్రోసాఫ్ట్ 2020 ఆగస్టు 11న మొదటి సవరణను విడుదల చేసింది. ముందుగా ప్రతి కంట్రోలర్‌కూ సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీసుకుని, ఆ తేదీ తర్వాత వచ్చిన వాటిలో మీ సర్వర్ వెర్షన్‌కు అందుబాటులో ఉన్న తాజా క్యుములేటివ్ అప్‌డేట్‌ను (పాత సవరణలన్నీ కలిసినదాన్ని) ఇన్‌స్టాల్ చేయాలి. శాఖా కార్యాలయాల్లో ఉండే రీడ్-ఓన్లీ కంట్రోలర్లను (మార్చడానికి వీల్లేని నకలు మాత్రమే ఉంచేవాటిని) మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ఒక్కటి మిగిలినా ప్రమాదం తొలగనట్టే.

అప్‌డేట్‌తో పని పూర్తయిందనుకోవడం సరికాదని నేను గట్టిగా చెబుతాను. అసలు శ్రమ పాత పరికరాలను వెతికి పట్టుకోవడంలో ఉంది. 2020 ఆగస్టు నాటి సవరణ విండోస్ కంప్యూటర్లకు సురక్షిత ఛానెల్‌ను (నెట్‌లాగాన్ సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే కనెక్షన్‌ను) తప్పనిసరి చేసింది కానీ, ఇతర పరికరాల బలహీనమైన కనెక్షన్లను కొంతకాలం అనుమతిస్తూ, అలాంటి ప్రతి కనెక్షన్‌ను సిస్టమ్ లాగ్‌లో 5829 సంఖ్యతో నమోదు చేసింది. 2021 ఫిబ్రవరి 9 నాటి అప్‌డేట్ నుంచి అలాంటి కనెక్షన్లను నేరుగా తిరస్కరిస్తుంది. తిరస్కరణకు గురైనవి 5827, 5828 సంఖ్యలతో కనిపిస్తాయి. అందువల్ల అన్ని కంట్రోలర్లలోనూ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఈ మూడు సంఖ్యలను వడగట్టి, వాటిలో కనిపించే కంప్యూటర్ ఖాతాల జాబితాను రాసుకోండి. ఏదైనా కారణంచేత ఫిబ్రవరి అప్‌డేట్‌కు ముందటి స్థితిలోనే ఆగిన సర్వర్‌లో, నెట్‌లాగాన్ పారామీటర్స్ రిజిస్ట్రీ కీ కింద ఫుల్‌సెక్యూర్‌ఛానెల్‌ప్రొటెక్షన్ అనే డీవర్డ్ విలువను 1గా పెట్టి అదే రక్షణను ముందే అమలు చేయవచ్చు.

జాబితాలో తేలినవి చాలావరకు పాత స్టోరేజ్ పెట్టెలు లేదా పాత సాంబా (లినక్స్ వంటి వ్యవస్థలను విండోస్ నెట్‌వర్క్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సర్వర్లు అయి ఉంటాయి. తయారీదారు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేయండి, లేకపోతే ఆ పరికరాన్ని మార్చే ఏర్పాటు చేయండి. గ్రూప్ పాలసీలో ఫలానా ఖాతాకు మినహాయింపు ఇచ్చే వీలుంది కానీ, అది ఆ ఖాతా వరకు తలుపు తెరిచి ఉంచడమే. తప్పనిసరై ఇస్తే గడువు తేదీ రాసి పెట్టుకుని, 5830, 5831 ఈవెంట్లను గమనిస్తూ ఉండాలి. సాంబానే డొమైన్ కంట్రోలర్‌గా వాడేవారు ఆకృతీకరణ ఫైల్‌లో సర్వర్ ఎస్‌ఛానెల్ విలువ ‘యెస్’ అని ఉన్నదో లేదో చూడాలి, 4.8 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అదే అయినా, ఎవరైనా చేతితో మార్చి ఉండవచ్చు.

పరీక్షించడానికి సెక్యూరా విడుదల చేసిన పైథాన్ స్క్రిప్ట్ వాడండి, అది పాస్‌వర్డ్‌ను మార్చకుండానే లోపం ఉన్నదీ లేనిదీ చెబుతుంది. ఇతరత్రా దొరికే దాడి కోడ్‌ను నడిచే సర్వర్ మీద ఎన్నడూ ప్రయోగించవద్దు. యాక్టివ్ డైరెక్టరీలోని (డొమైన్ ఖాతాల డేటాబేస్‌లోని) పాస్‌వర్డ్‌కూ కంట్రోలర్ తనలో దాచుకున్న దానికీ పొంతన పోయి, రెప్లికేషన్ (కంట్రోలర్లు సమాచారాన్ని పరస్పరం సరిపోల్చుకోవడం) ఆగిపోతుంది.

సవరణకు ముందే దాడి జరిగిందన్న అనుమానం ఉంటే సెక్యూరిటీ లాగ్‌లో 4742 ఈవెంట్లను చూడండి. కంట్రోలర్ ఖాతా పాస్‌వర్డ్‌ను అనానిమస్ లాగాన్ మార్చినట్టు కనిపిస్తే, ఆ డొమైన్ పరుల చేతిలో పడిందనే భావించి, అడ్మిన్ ఖాతాలన్నింటి పాస్‌వర్డ్‌లను మార్చి, కేఆర్‌బీటీజీటీ (లాగిన్ టికెట్లపై సంతకం చేసే) ఖాతా పాస్‌వర్డ్‌ను రెండుసార్లు మార్చాలి; డిఫాల్ట్ టికెట్ గడువు 10 గంటలు కనుక, ఆ రెండు మార్పుల మధ్య కనీసం అంత వ్యవధి ఉంచాలి.