కనెక్టింగ్ విమానం ఉంటే ముందు పీఎన్ఆర్ చూసుకోండి

దూర ప్రయాణాల్లో విమానం ఆలస్యం కావడం కన్నా, దానివల్ల మధ్యలో అందుకోవలసిన రెండో విమానం తప్పిపోవడమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండూ ఒకే పీఎన్ఆర్ కింద బుక్ అయి ఉంటే, రెండోది అందనప్పుడు తరువాతి విమానంలో సీటు చూపించే బాధ్యత సాధారణంగా విమానయాన సంస్థదే. నాలుగు డబ్బులు కలిసివస్తాయని విడివిడిగా కొన్న టికెట్లయితే మాత్రం, రెండో సంస్థ లెక్కలో మీరు రాని ప్రయాణికులే. ఆ టికెట్ డబ్బు చాలావరకు నీళ్ళలో పోసినట్టే. అలా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం ఐదారు గంటలు, వీలైతే ఒక రాత్రి, ఖాళీ ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

బోర్డు మీద ఆలస్యం ఒక గంట, మరో గంట అంటూ పెరుగుతున్నప్పుడు సిబ్బంది డ్యూటీ పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి. పైలట్లు నిబంధనలు అనుమతించిన గంటలు దాటి పనిచేయకూడదు కనుక, మరమ్మతు పూర్తయినా కొత్త సిబ్బంది వచ్చేవరకు విమానం కదలదు. ఒక్కోసారి మర్నాటికి వాయిదా పడుతుంది. ఆ రాత్రి చెకిన్ చేసిన పెట్టె చేతికి వస్తుందన్న భరోసా లేదు కాబట్టి మందులు, చార్జర్, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి.

1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో, నివారించడానికి తగిన చర్యలన్నీ తీసుకున్నామని నిరూపించుకుంటే తప్ప, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి సంస్థే బాధ్యత వహిస్తుంది. దావాకు 2 సంవత్సరాల గడువు ఉంటుంది. బోర్డింగ్ పాస్‌నూ హోటల్, భోజనం రసీదులనూ పారేయకుండా ఉంచుకుని, ఆలస్యానికి కారణాన్ని కౌంటర్‌లో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.