ఎండలో ఆటలకు 100 ఫిల్ము: నా అనుభవం

కిందటి సంక్రాంతికి అమలాపురం దగ్గర ఒక ఊళ్లో, కాలువ గట్టు పక్క మైదానంలో జరిగిన వాలీబాల్ పోటీలను నా పాత ఫిల్ము కెమెరాతో తీశాను. ఆటలకు 400 ఫిల్మే (ఈ అంకె ఫిల్ము వెలుగును పట్టే వేగం; 100 కంటే 400కు తక్కువ వెలుగు చాలు) ఉండాలని తెలిసినవారు చెప్పగా అదే వేశాను. కడిగించి చూస్తే, బంతిని కొట్టడానికి గాలిలోకి లేచిన కుర్రవాడి చేతి వెనుక కొబ్బరి మట్టలు, జనం గొడుగులు, చెరకు రసం బండి అన్నీ అంతే స్పష్టంగా పడి, ఆటగాడు వాటిలో కలిసిపోయాడు.

లెక్క వేశాక కారణం తెలిసింది. నా కెమెరా షట్టరు గరిష్ఠ వేగం సెకనులో 1000వ వంతు. నిండు ఎండలో 400 ఫిల్ముకు ఆ వేగం దగ్గర కూడా లెన్సు రంధ్రాన్ని ఎఫ్11 వరకు (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) మూయవలసి వస్తుంది; రంధ్రం చిన్నదైతే వెనుక దృశ్యం మసకబారదు. 100 ఫిల్ము వేస్తే, షట్టరు వేగం ఏమాత్రం తగ్గించకుండానే ఎఫ్5.6కు తెరవవచ్చు.

కనుమ నాటి ఫైనల్‌కు 100 ఫిల్ము వేసి, దూరంలోనివి దగ్గరగా చూపే 135 మి.మీ. లెన్సుతో నెట్ పక్కనే కూర్చున్నాను. ఈసారి కొబ్బరిచెట్లు పచ్చని పొరగా మారాయి, కుర్రవాడి మోచేతికి అంటిన ఇసుక రేణువులు మాత్రం లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చాయి. బొమ్మను ఏర్పరిచే చుక్కలు (గ్రెయిన్) సన్నగా ఉండే ఫిల్ము కావడంతో పెద్ద ప్రింటులోనూ గరుకు కనబడలేదు. సాయంత్రం నాలుగున్నర దాటి వెలుగు తగ్గాక మాత్రం మళ్లీ 400 ఫిల్మే వేశాను.