పలాదినో ఎచ్చింగ్ కొంటున్నారా? అనుమానాలు, కారణాలు, పరిష్కారాలు

ఇటలీ చిత్రకారుడు మిమ్మో పలాదినో 1948లో బెనెవెంతో దగ్గర పాదూలీలో పుట్టారు. ఆయన సంతకం చేసిన ఎచ్చింగ్‌లు (లోహపు ప్లేటు మీద యాసిడ్‌తో గీతలు పడేలా చేసి, దాంతో కాగితం మీద అచ్చువేసిన బొమ్మలు) కొనేవాళ్లలో చాలామంది ముందు సంతకమే చూస్తారు. నన్నడిగితే దాన్ని ఆఖరున చూడాలి. పెన్సిల్ గీతను ఎవరైనా అనుకరించగలరు, ప్లేటు కాగితం మీద చేసే పనిని అనుకరించడం చాలా కష్టం.

సమస్య: సంతకం బాగానే ఉంది, బొమ్మ మాత్రం చప్పగా, చదునుగా ఉంది.

కారణం: అది ఆఫ్‌సెట్ (పుస్తకాలు, పోస్టర్లు అచ్చువేసే యంత్రపు ముద్రణ) లేదా ఇంక్‌జెట్ నకలు కావచ్చు. అసలు ఎచ్చింగ్‌లో యాసిడ్ తిన్న గీతల్లో ఇంకు నింపి, తడిపిన కాగితాన్ని ప్రెస్సులో గట్టిగా ఒత్తుతారు. అందుకే ఇంకు గీత కాస్త ఉబ్బుగా నిలుస్తుంది, బొమ్మ చుట్టూ ప్లేటు అంచు నొక్కు పడుతుంది.

పరిష్కారం: పక్కనుంచి టార్చి వేసి, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. వరసలు తీరిన రంగు చుక్కలుంటే ఆఫ్‌సెట్టే. అయితే చుక్కలన్నీ అనుమానించక్కర్లేదు, అక్వాటింట్‌లో (ఎచ్చింగ్‌లోనే గీతలకు బదులు నీడల్లాంటి మచ్చలు తెచ్చే పద్ధతిలో) క్రమం లేని సన్నటి గరుకు సహజం. ప్లేటు నొక్కును నకళ్ల మీద కూడా ఒత్తుతారు, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పక్క వెలుతురులో తీసిన క్లోజప్ ఫోటో అడగండి. ఇవ్వకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

సమస్య: 12/50 (యాభై ప్రతుల్లో 12 నంబరుది) లాంటి నంబరు లేదు, "పి.ఎ." అని ఉంది.

కారణం: ఇటాలియన్‌లో "ప్రోవా దావుతోరే", అంటే ఎడిషన్‌కు (నంబర్లు వేసిన ప్రతుల వరసకు) బయట కళాకారుడు ఉంచుకునే ప్రతి. రోమన్ అంకెలుంటే సాధారణంగా అది వేరే వరస.

పరిష్కారం: టెన్షన్ వద్దు. ఇవన్నీ కలిపి మొత్తం ఎన్ని ప్రతులో అడిగి, ఆయన ప్రింట్ల కేటలాగుతో సరిచూడండి. చిన్న నంబరుకు ఎక్కువ డబ్బు పెట్టకండి, నంబర్లు అచ్చయిన వరసలోనే వేయాలని లేదు.

సమస్య: అమ్మేవాళ్లు కాగితాలేమీ ఇవ్వడం లేదు.

పరిష్కారం: ఇటలీలో కళాకృతులు అమ్మే వ్యాపారి ప్రామాణికతకు, ఎక్కడినుంచి వచ్చిందనేదానికి పత్రం ఇవ్వాలని 2004 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం 64వ అధికరణం చెబుతుంది. ఆ అధికరణం పేరు చెప్పి అడగండి.

సమస్య: బొమ్మ చుట్టూ గోధుమరంగు గీత, అక్కడక్కడా మచ్చలు.

కారణం: గీత చవక మౌంట్ అట్టలోని (ఫ్రేములో బొమ్మ చుట్టూ వేసే అట్టలోని) ఆమ్లం వల్ల, మచ్చలు ఎక్కువగా చెమ్మ వల్ల వస్తాయి. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో మరింత జాగ్రత్త అవసరం.

పరిష్కారం: ఆ అట్ట తీయించి, ఆమ్లం లేని నూలు అట్ట వేయించండి. జపనీస్ కాగితం, గోధుమ పిండి జిగురుతో బొమ్మను పైఅంచున మాత్రమే అంటించాలి, సెల్లోటేపు వద్దే వద్దు. అద్దం కాగితానికి తగలకూడదు. మచ్చల మీద మీరే బ్లీచింగ్ చేయకండి, కాగితాలు బాగుచేసే నిపుణులకు ఇవ్వండి. కాగితం కాస్త అలలుగా ఉంటే ఇస్త్రీ చేయవద్దు, అది చెమ్మకు కాగితం చేసే మామూలు పని. ఫ్రేము కోసం మార్జిన్లు కత్తిరించాలని ఎవరన్నా చెబితే ఒప్పుకోకండి. కత్తిరిస్తే ప్రింటు విలువ బాగా పడిపోతుంది.