చెత్తడబ్బాల పెట్టె తలుపు పడటం లేదా? కాళ్ళు చూడండి

సమస్య: గేటు పక్కన పచ్చ డబ్బాకీ నీలం డబ్బాకీ కలిపి చెక్క పెట్టె చేయించారు. ఏడాది బాగానే ఉంది. ఇప్పుడు గడియ పడటం లేదు, తలుపు కింది మూల నేలకు గీసుకుంటోంది. రాత్రికి కుక్కలు పండగ చేసుకుంటున్నాయి.

బందుల స్క్రూలు బిగించే ఉంటారు. సరే, చిత్రిక పక్కన పెట్టి టేపు తీయండి. అర నిమిషం పని, ఒక్కరూ చెయ్యరు! తలుపు తెరిచి గుమ్మాన్ని మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ సమానమై, సందు పొడవునా బిగుతుగా ఉంటే చెక్క వానకు ఉబ్బింది. ఎండలకు అదే సర్దుకుంటుంది. గుమ్మం సరిగ్గా ఉండి తలుపే వాలితే, కింది బందు మూల నుంచి పై గడియ మూలకు ఏటవాలుగా ఒక రీపరు కొట్టండి.

కొలతల్లో అర సెంటీమీటరు తేడా వచ్చిందా? చట్రం ఒరిగింది. తలుపును ఎంత చెక్కినా దండగే.

కారణం దాదాపు ఎప్పుడూ కాలి అడుగునే ఉంటుంది. నాలుగు వైపులా పెయింటు మెరుస్తుంటుంది కాబట్టి అనుమానం రాదు. అడుగున మాత్రం ఎవరూ వెయ్యరు. రంపం కోసిన ఆ కొస, దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్ళు లాగుతుంది. వానాకాలమే కాదు, రోజూ వాకిలి కడిగి కళ్ళాపి చల్లే ఇళ్ళలో ఎండాకాలం కూడా ఆ కాళ్ళు ఆరవు. పైన పెయింటు ఉంది కనుక లోపలి తడికి దారీ లేదు. కర్ర మెత్తబడి, డబ్బాల బరువుకు నలిగి, బందులున్న కాలు కాస్త పొట్టిదవుతుంది. ఇది తెలియక ఒకరింట్లో రెండు వానాకాలాల్లో మూడుసార్లు చిత్రిక పట్టాను. "ఇంకెంత చెక్కుతావు నాయనా, పుల్లలు మిగులుతాయి" అంది ఆ ఇంటావిడ. అప్పటికి వేలు దూరేంత సందు మిగిలింది.

పరిష్కారం: పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి ప్రతి కాలి అడుగునా స్క్రూడ్రైవరు మొనతో పొడవండి. దిగబడితే కుళ్ళినట్టే. గట్టి కర్ర తగిలేదాకా కోసి, మిగతా మూడు కాళ్ళూ అదే కొలతకు కొయ్యండి. నాలుగంగుళాలు దాటిందంటే అతుకులొద్దు, కాలే మార్చండి. కోసిన కొసలు రెండు రోజులు ఆరనిచ్చి, పీల్చడం మానేదాకా పెయింటు పట్టించండి. మూడు నాలుగు పూతలు పడుతుంది. తర్వాత ఒక్కో కాలి కింద గ్రానైటు ముక్క పెట్టండి. రాళ్ళ దుకాణంలో తుక్కు కింద పడేసేవి చాలు. కడిగిన నీళ్ళు కాలికి తగలకుండా కింద నుంచి పోవాలి. రసమట్టం పెట్టి సరిచూసి, మూల కొలతలు కలిశాకే చట్రం స్క్రూలు బిగించండి.

పలక మెలితిరగడం, గడియ వంగడం లాంటివి అరుదు, చూడగానే తెలిసిపోతాయి. కాలి మీద చెదల మట్టిదారి కనిపిస్తే మాత్రం ముందు నేలకు మందు కొట్టించి, ఆ తర్వాతే కాలు ముట్టుకోండి.