అయిదో పాఠం: అప్పుడప్పుడూ వచ్చే డిప్రెషన్‌కి మాత్ర అవసరమా?

ఈ వారం నేరుగా మాత్రల సంగతికి వచ్చేద్దామనుకున్నాను. పోయిన పాఠం పెట్టిన చిచ్చు ఆర్పకుండా కుదిరేలా లేదు.

మీ ఆయనో మీ ఆవిడో దిగులుగా ఉన్న రోజుల్ని రెండు వారాలపాటు రాసిపెట్టమన్నాను కదా. వాళ్ళకి చెప్పి రాయండి అని మాత్రం అనలేదు, అదీ చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సిందేనని ఇప్పుడు తెలిసింది. మన విశాఖలోనే గాజువాక నుంచి ఒకాయన ఆ పుస్తకం బీరువాలో దాచారట, అదీ ఆవిడ చీరల మడతల కింద. దొరక్కుండా ఉంటుందా? "నా మీద నిఘా పెట్టావా" అని అడిగి ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయారు. మధురవాడ నుంచి ఒకావిడ రాసి పంపినది ఇలా ఉంది: సోమవారం మూడీ, మంగళవారం మళ్ళీ మూడీ, బుధవారం వాళ్ళమ్మ ఫోన్ చేశాక ఇంకా మూడీ. అమ్మా, ఇది అత్తగారి మీద ఫిర్యాదు. ఇంకొకాయన పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నలు, భార్య బదులు తనే నింపేసి 27కి 19 మార్కులు వేసి, పొద్దున్న కాఫీతో పాటు ఆ కాగితం ఆవిడ చేతికిచ్చారట. ఆ ప్రశ్నలు గత రెండు వారాలు తనకెలా గడిచాయో మనిషి తనే చెప్పుకోవడానికి పెట్టినవి. పక్కవాళ్ళు నింపితే ఆ అంకెకి విలువ లేదు.

కాబట్టి మళ్ళీ మొదటినుంచి. మీరు సాక్షి మాత్రమే. తీర్పు చెప్పేది, మాత్ర వేసుకునేది, మానేది వాళ్ళు, డాక్టరుతో మాట్లాడుకుని. సాక్షి కంటికి కనిపించినదే చెప్పాలి. "మూడీ" కంటికి కనిపించదు. "తెల్లవారుజామున మూడింటికి లేచి హాల్లో కూర్చున్నారు" కనిపిస్తుంది.

నేనైతే పుస్తకమే పెట్టను. వంటింట్లో తిథుల క్యాలెండర్ మీద మూడు గుర్తులు: నిద్ర, తిండి, స్నానం. ఏది తప్పితే దానికో చుక్క. మా ఆయనకి చెప్పే పెట్టాను, కొన్ని రోజులు ఆయనే పెట్టుకునేవారు కూడా. మా అత్తగారు అవి పాల లెక్క అనుకుని ఒకసారి పాలవాడితో తగువు వేసుకున్నారు, అది వేరే కథ. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయంటారు గానీ నాకు నచ్చవు.

ఇక అసలు పాఠం. నేను డాక్టర్ని కాదు, లెక్కల టీచర్ని, పదేళ్ళకి పైగా ఒక మనిషి పక్కన ఉండి నేర్చుకున్నది చెప్తున్నాను. డిప్రెషన్ అంటే ఏమిటో మళ్ళీ చెప్పను, మొదటి పాఠం చూసుకోండి.

చావు మాటలు వస్తే ఈ పాఠం పక్కన పెట్టేయండి. "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట కూడా అందులోకే వస్తుంది. రెండు వారాల లెక్కలూ చుక్కలూ వద్దు, మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారి తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి ఉంది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

అలాంటిదేమీ లేనప్పుడు చూడాల్సినవి ఇవి: ఎన్నాళ్ళుంది, ఏ పనులు ఆగిపోయాయి, ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది. కారణం కోసం మాత్రం మరీ వెతక్కండి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరులో ఊరంతా కరెంటు లేక, నీళ్ళు లేక, విరిగిన చెట్ల మధ్య ఏడుపు మొహాలతో ఉంటే మా ఆయన నడుం బిగించి వీధిలో కొమ్మలు నరికి దారి చేశారు. ఆయన మంచం పట్టింది ఆ తర్వాతి వేసవిలో, ఇల్లు బాగుంది, ఉద్యోగం బాగుంది, ఏమీ జరగలేదు. "ఏటైందిరా నీకు" అని అత్తగారు రోజూ అడిగేవారు. ఏమీ అవలేదని చెప్పడానికి కూడా ఆయనకి ఓపిక ఉండేది కాదు.

రెండు వారాలకి మించి దాదాపు ప్రతిరోజూ ఉండి, డ్యూటీకి వెళ్ళడం, తినడం, పిల్లలతో మాట్లాడటం దెబ్బతింటుంటే డాక్టర్ని కలవాలి. కలిసినంత మాత్రాన మాత్రే ఇస్తారని లేదు. దిగులు తేలికపాటిదైతే, ఆ మనిషే కోరితే తప్ప మొదటే మాత్రలతో మొదలుపెట్టొద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. కౌన్సెలింగ్, వ్యాయామం, నిద్ర వేళలు సరిచేసుకోవడం ముందు. మా ఆయనకి బీచ్ రోడ్డు నడక పనిచేసింది, తెల్లవారుజామున బళ్ళు ఆపేసిన వేళ. కానీ సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ వారాల్లో నడక లేదు, నిద్రా లేదు, రెండుసార్లు అక్కడే మళ్ళీ దిగులులోకి జారిపోయారు. మనిషి లేవలేని స్థితిలో ఉంటే నడవమనడం వెక్కిరింపులా ఉంటుంది. దిగులు ఓ మోస్తరు దాటినా, మళ్ళీ మళ్ళీ తిరగబెడుతున్నా డాక్టర్లు మాత్ర వైపు మొగ్గుతారు, చాలామందికి కౌన్సెలింగ్ కూడా కలిపి.

మాత్ర కంటే ముందు రక్తపరీక్ష అడగండి: థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది. రాత్రి పెగ్గులు ఎన్నో కూడా నిజం చెప్పాలి. మన భాషలో రెండింటికీ "మందు" అనే పేరు పెట్టుకున్నాం, రెండూ కలిపి పుచ్చుకోవడం మాత్రం కుదరదు.

సాక్షిగా మీరు తప్పక చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. దిగులుకి పూర్తిగా ఎదురైన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా? మూడు గంటలే పడుకుని అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, అప్పుచేసి స్థలం కొనేస్తానంటూ తిరిగిన వారాలు? వాళ్ళు అది చెప్పరు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అవి మంచి రోజులు. అలాంటివారికి దిగులు తగ్గించే మాత్ర ఒక్కటే ఇస్తే ఆ హుషారు ప్రమాదంలోకి తిరిగే వీలుంది. డాక్టరు వేరే రకం మందు ఆలోచిస్తారు.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే సంగతి. "డిప్రెషన్ అప్పుడప్పుడే వస్తుంది కదండీ, మాత్ర కూడా వచ్చినప్పుడే వేసుకుంటే చాలదా?" పోయిన నెల నుంచి ఎంతమంది అడిగారో. చాలదు. అది జ్వరానికి వేసుకునే డోలో కాదు. ఎస్కిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు వేసుకున్న పూట పనిచేయవు, రెండు వారాలకో నాలుగు వారాలకో తేడా కనిపించడం మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి ఆరేడు వారాలు పట్టొచ్చు. పాలు తోడేసి అరగంటకోసారి గరిటె పెట్టి చూస్తే పెరుగవుతుందా? బాగానే ఉందని ఆదివారం మానేసి, దిగులేసిందని బుధవారం వేసుకుంటే మాత్ర వల్ల వచ్చే వికారం తప్ప దాని మేలు అందదు. బాగుపడ్డాక కూడా కనీసం ఆరునెలలు కొనసాగించమంటారు, తిరగబెట్టే రకమైతే ఇంకా ఎక్కువ, మానేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, పిచ్చి కలలు. దాన్ని అలవాటుపడిపోవడం అంటారు చుట్టాలు. కాదు.

అలవాటు పడేది వేరే మాత్ర. ఇక్కడే మేము ఏడాది పోగొట్టుకున్నాం. మొదట్లో మేము వెళ్ళిన ఒక డాక్టరు ఏమీ అడక్కుండా అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర రాసిచ్చారు. అరగంటలో నిద్ర పట్టింది. ఆహా, ఇదే మందు అనుకున్నాం. మూడు నెలలు నడిపి, మా అంతట మేమే ఆపితే రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు, చేతులు వణుకు. ఈ మాత్రలన్నీ ఇంతే అని తీర్మానించుకుని, అసలు మందు గుమ్మం దాకా వెళ్ళలేదు. నిద్రమాత్ర వేరు, డిప్రెషన్ మాత్ర వేరు. అర్జెంటుగా పనిచేసినది మంచిదనీ, ఆలస్యంగా పనిచేసినది దండగనీ అనుకోకండి. చీటీ రాయగానే "ఇది ఏ రకం, ఎన్నాళ్ళు" అని అడిగి రాసుకోండి, సిగ్గుపడకండి. మీ వదినకి పనికొచ్చిన మాత్ర మందుల షాపులో అడిగి తెచ్చుకోవడం గురించి మాట్లాడను, బీపీ పెరుగుతుంది నాకు.

మొదటి వారం వికారం, తలనొప్పి, కొంచెం కంగారు మామూలే. పాతికేళ్ళ లోపు వారైతే మొదటి వారాల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలి. ఇంకో ఇబ్బంది మనవాళ్ళు నోరు విప్పనిది: పడకగదిలో ఆసక్తి తగ్గొచ్చు. మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని మనసులో పెట్టుకుని, ప్రేమ తగ్గిందని ఒకరు, ఏదో లోపం వచ్చిందని ఒకరు కుమిలిపోతారు, చివరికి మాత్రలు చెప్పకుండా డస్ట్‌బిన్‌లోకి పోతాయి. డాక్టరుతో చెప్తే మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు. చెప్పండి.

ఎక్కడికి వెళ్ళాలంటారా, కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, సైకియాట్రీ ఓపీ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చినవాల్తేరు పేరు మన ఊళ్ళో వెక్కిరింపుకి వాడతారు, తెలుసు. తగువులో "నువ్వు వెళ్ళి చూపించుకో" అని మీ నోట ఒక్కసారి వస్తే మాత్రం ఆ తర్వాత ఆరునెలలు ఆ మనిషి ఏ డాక్టరు గడపా తొక్కరు. డాక్టరు దగ్గరికి వెళ్దామనే మాట కడుపు నిండి, టీవీ కట్టేసి ఉన్నప్పుడు ఎత్తాలి.

అభ్యాసం మర్చిపోయాను. పద్నాలుగు రోజులు చుక్కలు పెట్టండి, కానీ ఈసారి మీవి కూడా, పక్కపక్కనే. మీకెన్ని రాత్రులు నిద్రలేదో వాళ్ళకీ కనపడనీయండి. తర్వాత డాక్టరుకివ్వడానికి ఒక్క పేజీ రాయండి, పై సగం వాళ్ళు, కింది సగం మీరు, ఒక్క విశేషణం కూడా వాడకుండా. మీ సగంలో వాళ్ళు కొట్టేయాలనుకున్నది కొట్టేసుకోవచ్చు, మీరు ఎందుకని అడగకూడదు. చావు మాటలుంటే అవి మాత్రం కొట్టివేతకి లొంగవు. కష్టమే, నాకు నాలుగు కాగితాలు చిరిగాయి.

గాజువాకాయనకి ఈ వారం అభ్యాసం లేదు. మీరు ముందు వెళ్ళి ఆవిడని తీసుకురండి, ఆ పుస్తకం చేతిలో పట్టుకునే వెళ్ళండి.